గ్రేట్ మాల్‌లో పుట్టిన మస్టాంగ్

బే ఏరియాకి కొత్తగా వచ్చిన తెలుగువాడు మొదటి నెలలో తప్పకుండా వెళ్ళే చోట్లు కొన్ని ఉంటాయి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు, డీఎంవీ, గుడి, ఆ తర్వాత మిల్పిటాస్‌లో గ్రేట్ మాల్. చలికోటు, బూట్లు అక్కడే కొంటాం. ఇండియా వెళ్ళేముందు చుట్టాలకి సెంటు సీసాలూ, హ్యాండ్‌బ్యాగులూ కూడా అక్కడే. నేనూ పన్నెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. ఆ మాల్ ఎందుకంత పొడుగ్గా గోడౌన్‌లా ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అది గోడౌన్ కాదు, ఫ్యాక్టరీ. 1955 నుంచి 1983 దాకా ఫోర్డ్ కంపెనీ అక్కడ కార్లు తయారుచేసింది. పేరుకి శాన్ హోసే ప్లాంటు, ఉన్నది మిల్పిటాస్‌లో. మూతపడిన పదకొండేళ్ళకి, 1994లో, దాన్ని మాల్‌గా మార్చారు. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక కారు చెప్పింది.

మా వీధి చివర ఎనభై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ ఉంటారు. ప్రింటర్ మొరాయించినప్పుడల్లా నన్ను పిలుస్తారు. ఆవిడ గ్యారేజీలో దుప్పటి కప్పిన 1966 ఫోర్డ్ మస్టాంగ్ ఉండేది. భర్త కొత్తగా కొన్నది. ఆయన పోయాక పిల్లలెవరూ పట్టించుకోలేదు. "నువ్వు ఇంజనీరువి కదా, తీసుకో. కాకపోతే నడుపు, దాచకు" అన్నారొక రోజు. ఆవిడ అడిగిన ధర చూస్తే దాన్ని అమ్మడం అనడానికి కూడా లేదు. నేను మెకానికల్ చదివి జావాలో పడ్డ లక్షల మందిలో ఒకణ్ణి. డిగ్రీ అయ్యాక స్పానర్ పట్టుకున్నది లేదు. అయినా తీసుకున్నాను.

డ్రైవరు తలుపు మీద చిన్న రేకు ఉంటుంది. అందులో మొదటి అంకె 6, అంటే 1966 మోడల్. పక్కన 'ఆర్' అనే అక్షరం. అదేమిటా అని వెతికితే శాన్ హోసే ప్లాంటు గుర్తు అని తేలింది. ఆ ప్లాంటు ఎక్కడుండేదా అని చూస్తే, మా పాపకి బూట్లు కొన్న మాల్!

మొదటి ఆదివారమే బయటికి తీశాను. ఫ్రీవే దిగే ర్యాంపు మీద బ్రేకు తొక్కితే కారు ఆగడానికి కాస్త ఆలోచించుకుంది. ఆగేటప్పుడు ఎడమవైపుకి లాగింది. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాలంటే దాదాపు ఐదు చుట్లు. మలుపులో కారు పడవలా ఒరిగింది. ఇంటికొచ్చి కింద దూరి చూసి, ఆ రాత్రంతా చదివాను. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. నాలుగింటికీ కలిపి ఒకటే మాస్టర్ సిలిండర్, అందులో ఒకటే గది. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. ముందు సీట్లకి నడుం బెల్టులు తప్ప భుజం బెల్టులు లేవు. ఇక డిక్కీ నేల అనుకున్నది నేల కాదు, పెట్రోలు ట్యాంకు పైకప్పే.

ఇవన్నీ మా ఆవిడకి చెప్పడం నేను చేసిన పొరపాటు. "నువ్వేమైనా చేసుకో. అవి బాగయ్యేదాకా పాప మాత్రం ఆ కార్లో ఎక్కదు" అని తేల్చేసింది. తప్పేముంది?

మరి బాగుచేయడమంటే ఏమిటి? పాత కార్ల వాళ్ళలో రెండు వర్గాలున్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంచాలి, బోల్టు తల మీద గుర్తు కూడా మారకూడదు అనేది ఒక వర్గం. పైన పాత రూపం ఉంచి, లోపల కొత్త ఇంజన్, కొత్త సస్పెన్షన్, కొత్త బ్రేకులు పెట్టుకోవాలి అనేది రెండో వర్గం. ఈ రెండో పద్ధతిని 'రెస్టోమాడ్' అంటారు. మొదటి వర్గం వాళ్ళ దృష్టిలో అది అపచారం. ఎవరి మాట వినాలో తేలక చరిత్ర వెనక్కి తవ్వడం మొదలుపెట్టాను. తవ్వినకొద్దీ 'ఒరిజినల్' అనే మాట నా చేతుల్లో కరిగిపోతూ వచ్చింది.

కథ 1932లో మొదలుపెట్టాలి. ఆ ఏడాది హెన్రీ ఫోర్డ్ మామూలు జనం కొనగలిగే వీ8 ఇంజన్ కారు తెచ్చాడు. 221 ఘనపుటంగుళాల ఇంజన్, 65 హార్స్ పవర్. కొన్నేళ్ళకి ఆ కార్లు సెకండ్ హ్యాండ్ బజారుకి వచ్చాయి. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కుర్రాళ్ళు చవగ్గా కొని, మడ్‌గార్డులు విప్పేసి, బరువు తగ్గించి, ఉత్తరాన ఎడారిలో ఎండిపోయిన చెరువుల మీద పరుగులు తీయించేవారు. వాటిలో పేరు పడ్డది మురాక్. ఇప్పుడది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో భాగం. ఈ పరుగులకి ఒక పద్ధతి పెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది. అప్పట్లో కొట్లో దొరికే స్పీడ్ పార్టులు తక్కువ. కావలసింది ఎవరికి వారే చేసుకునేవారు. విక్ ఎడెల్‌బ్రాక్ అనే మెకానిక్ తన 1932 ఫోర్డ్ కోసం రెండు కార్బురేటర్లు పట్టే మానిఫోల్డ్ చేయించుకున్నాడు. అది చూసి మిగతావాళ్ళు నాకూ ఒకటి అన్నారు. అలా కంపెనీ పుట్టింది.

యుద్ధం అయ్యాక సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళ చేతుల్లో డబ్బూ ఉంది, యంత్రాలతో పనిచేసిన అనుభవమూ ఉంది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ 'హాట్ రాడ్' పత్రిక మొదలుపెట్టాడు. 1963కల్లా విడిభాగాలు చేసేవాళ్ళు తమకో సంఘం పెట్టుకునేంత పెద్ద వ్యాపారం అయింది. వాళ్ళందరి నమ్మకం ఒకటే: కంపెనీ ఇచ్చిన కారు తుదిమాట కాదు, చిత్తుప్రతి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇది కుర్రాళ్ళ సరదా మాత్రమే అనుకుంటే పొరపాటు. 1960 మోడల్‌గా వచ్చిన షెవర్లే కార్వేర్ సంగతే చూడండి. ఇంజన్ వెనకుండే కారు. వెనక చక్రాల సస్పెన్షన్ అమరిక వల్ల, గట్టి మలుపుల్లో చక్రం కిందికి ముడుచుకుని కారు అదుపు తప్పే ప్రమాదం ఉండేది. ఆ ముడుచుకోవడాన్ని తగ్గించే పట్టీని బయటి కంపెనీలు అమ్మాయి. కంపెనీ తన వంతుగా సస్పెన్షన్ సరిచేసింది 1964 మోడల్‌కి గానీ కాదు. 1965లో రాల్ఫ్ నేడర్ కార్ల భద్రత మీద రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయం దీని గురించే. మరుసటి ఏడాది అమెరికాలో వాహన భద్రతా చట్టం వచ్చింది. కార్వేర్ సొంతదార్లు కొందరు మాత్రం అంతకు ముందే, సొంత డబ్బుతో కొన్న పట్టీతో తమ ప్రాణాలు కాపాడుకునే ఏర్పాటు చేసుకున్నారు. వాళ్ళు చేసింది అపచారమా?

ఇప్పుడు మస్టాంగ్. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో విడుదలైంది. ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. రెండేళ్ళు తిరగకుండా పది లక్షల కార్లు తయారయ్యాయి. అంత తక్కువ ధర ఎలా సాధ్యమైంది? అడుగున ఉన్నది ఫోర్డ్ ఫాల్కన్ కాబట్టి. ఫాల్కన్ అంటే పొదుపైన సంసారపు కారు. దాని నేల, దాని సస్పెన్షన్, దాని ఇంజన్ తీసుకుని, పొడుగు బానెట్టూ పొట్టి డిక్కీ ఉన్న అందమైన చొక్కా తొడిగారు. అంటే మస్టాంగ్ పుట్టడమే మార్పుచేసిన కారుగా పుట్టింది. వెనక చక్రాలకి మన లారీల్లో ఉండే కమాను పట్టీలు. ముందు చక్రాలకి, ఇంజన్‌కి రెండు పక్కలా రేకు గోపురాలు. వాటినే షాక్ టవర్లు అంటారు. స్ప్రింగూ, షాక్ అబ్జార్బరూ ఆ గోపురాల్లో నిలబడి ఉంటాయి.

పరుగుపందాల్లో గెలిచే మస్టాంగ్ కావాలని ఫోర్డ్ వాళ్ళు కారల్ షెల్బీని అడిగారు. టెక్సాస్ మనిషి, కొన్నాళ్ళు కోళ్ళ ఫారం నడిపాడు, 1959లో లె మాన్ రేసు గెలిచాడు, గుండెజబ్బుతో నడపడం మానేసి కార్లు కట్టడం మొదలుపెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లోని అతని షాపుకి తెల్ల మస్టాంగ్‌లు ఎక్కణ్ణుంచి వెళ్ళాయనుకున్నారు? మన మిల్పిటాస్ నుంచే. 1965లో జీటీ350 అనే పేరుతో అవి బయటికొచ్చాయి. 271 హార్స్ పవర్ ఇంజన్‌ని 306కి పెంచారు. ముందు డిస్క్ బ్రేకులు, కోనీ షాక్ అబ్జార్బర్లు, లావుపాటి యాంటీ రోల్ బార్ పెట్టారు. రేసు నిబంధనల ప్రకారం అది రెండు సీట్ల కారు అనిపించుకోవాలి కాబట్టి వెనక సీటు పీకేసి ఆ చోట స్పేర్ టైరు పడుకోబెట్టారు.

వీటన్నిటిలో నాకు ముచ్చటేసింది మాత్రం పైసా ఖర్చులేని మార్పు. ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ ఆలోచన అది. మలుపులో కారు బయటి వైపుకి ఒరుగుతుంది, బరువంతా బయటి చక్రం మీదికి వస్తుంది. అప్పుడా టైరు నేలకి నిండుగా ఆనాలంటే చక్రం పైభాగం కొంచెం లోపలికి వాలాలి. మామూలు మస్టాంగ్‌లో దీనికి తిరగబాటుగా పైభాగం బయటికి వాలుతుంది, టైరు అంచు మీద నడుస్తుంది. చెప్పులు ఒకపక్కే అరగదీసే మనిషి నడక గుర్తుతెచ్చుకోండి. ఆర్నింగ్ చెప్పిందల్లా, పై కంట్రోల్ ఆర్మ్‌ని షాక్ టవర్‌కి బిగించే బోల్టుల కోసం పాత చిల్లులకి సుమారు అంగుళం కింద కొత్త చిల్లులు వేయమని. పక్కకి రెండు, మొత్తం నాలుగు. ఆర్మ్ కిందికి దిగితే దాని కోణం మారుతుంది, కారు ఒరిగినప్పుడు అది చక్రం పైభాగాన్ని లోపలికి లాగుతుంది. కొత్త పార్టు ఏదీ అక్కర్లేదు. ఒక డ్రిల్లు చాలు. అయినా 1966లో ఖర్చు తగ్గించుకోవడానికి షెల్బీ కూడా ఆ పని మానేశాడు. ఫ్యాక్టరీ రూపం వెనక చాలాసార్లు ఉండేది ఇంజనీరు మాట కాదు, అకౌంటెంట్ మాట.

తర్వాతి ఘట్టం ఇంకా తమాషాగా ఉంటుంది. 1974 మోడల్‌గా మస్టాంగ్ 2 వచ్చింది. చిన్న పింటో కారు భాగాలతో కట్టారు. ఆ మొదటి ఏడాది వీ8 ఇంజనే లేదు. అప్పుడే చమురు సంక్షోభం రావడంతో బాగానే అమ్ముడుపోయింది గానీ, అభిమానులు ఈ రోజుకీ దాన్ని చూసి నవ్వుతారు. అయితే దాని ముందు సస్పెన్షన్ పొందికగా ఉంటుంది, రాక్ అండ్ పినియన్ స్టీరింగుతో వస్తుంది. హాట్ రాడ్ల వాళ్ళు ఇది కనిపెట్టి పాత ఇనుప కొట్లలో పడున్న మస్టాంగ్ 2ల ముందు భాగాలు కోసి తెచ్చి 1930ల, 40ల కార్లకి తగిలించారు. ఇనుప కొట్లలో సరుకు అయిపోయాక కంపెనీలు అదే డిజైన్ కొత్తగా చేసి అమ్మడం మొదలుపెట్టాయి. ఎవరికీ అక్కర్లేని కారు వెన్నెముక ఇప్పుడు వేల పాత కార్లని మోస్తోంది. ఇది చెబితే మా నాన్న ఫోన్లో నవ్వారు. "రాక్ అండ్ పినియన్ మన అంబాసిడర్‌కి మొదట్నుంచీ ఉందిరా" అన్నారు. నిజమే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆస్తి అది.

అంబాసిడర్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 1950ల మోరిస్ శరీరంలో 1990లలో జపాన్ ఇసుజు ఇంజన్ పెట్టి అమ్మారు. 2014 దాకా ఉత్తరపారలో తయారైన ఆ కారు ఒకరకంగా కంపెనీయే చేసిన రెస్టోమాడ్. కంపెనీ చేస్తే కొత్త మోడల్, సొంతదారు చేస్తే చట్టవిరుద్ధం. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడం కుదరదని 2019లో మన సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మన రోడ్లూ, మన తనిఖీలూ తెలిసినవాడిగా ఆ తీర్పుని నేను తప్పుపట్టను. కాలిఫోర్నియాలో మాత్రం 1975, అంతకు ముందు పెట్రోలు కార్లకి పొగ పరీక్ష కూడా లేదు. అందుకే ఈ సరదా ఇక్కడ ఇంతగా పెరిగింది.

సరే, నా కారు దగ్గరికి వద్దాం. ఒక షాపు వాళ్ళని అడిగాను. షాక్ టవర్లు కోసేసి, మస్టాంగ్ 2 తరహా ముందు సస్పెన్షన్ వెల్డింగ్ చేసి, ఆ ఖాళీలో కొత్త వీ8 పెడతామన్నారు. టవర్లు ఉంటే ఇప్పటి వెడల్పాటి ఇంజన్లు పట్టవు. కానీ ఈ కారుకి లారీలా విడిగా ఛాసిస్ లేదు, శరీరమే ఛాసిస్. టవర్లు కోయడమంటే ఇంటి స్తంభాలు తీసి దూలాలు వేయడం. ఒకసారి కోశాక వెనక్కి రావడం దాదాపు ఉండదు. ఇంకోవైపు, ప్రదర్శనలకి జడ్జిగా వెళ్ళే ఒకాయన వచ్చి చూసి, డాష్‌బోర్డు కింద వేలాడే ఏసీ పెట్టెని చూపించి "ఇది ఫోర్డ్ వాళ్ళది కాదు, ముందు దీన్ని పీకెయ్, పాయింట్లు పోతాయి" అన్నాడు. అది పనిచేయక ఎన్నేళ్ళయిందో కూడా తెలియదు.

పీకేముందు పెద్దావిడకి ఒక మాట చెబుదామని వెళ్ళాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "కొన్న మొదటి వేసవిలోనే బయటి షాపులో పెట్టించాడు. మా అమ్మ ఫ్రెస్నోలో జబ్బుగా ఉండేది. నెలకి రెండుసార్లు ఆ ఎండలో వెళ్ళేవాళ్ళం. నేను తట్టుకోలేనని కారు వాయిదాలు తీరకుండానే ఇంకో అప్పు చేశాడు" అన్నారు. లోపలికెళ్ళి ఒక చిన్న నోటుబుక్కు తెచ్చారు. ఆయిలు మార్చిన ప్రతిసారీ తేదీ, మైలేజీ. అందులో ఏసీ పెట్టించిన రోజూ ఉంది.

జడ్జి దృష్టిలో అది తప్పు పార్టు. ఆ కారుకి జరిగిన అన్నిటిలోనూ మనిషి చెయ్యి స్పష్టంగా కనిపించేది ఆ ఒక్క పార్టులోనే.

పెద్ద స్థాయిలో కూడా ఇదే జరిగింది. 1968లో 'బులిట్' సినిమా కోసం ఒక మస్టాంగ్ సస్పెన్షన్‌ని మాక్స్ బాల్చౌస్కీ అనే మెకానిక్ గట్టిపరిచాడు. కారుని గాల్లోకి ఎగరేసి దించాలి కాబట్టి షాక్ టవర్లకి బలం చేర్చాడు. 2020 జనవరిలో ఆ కారుని వేలం వేశారు. రంగు వెలిసిపోయి, మరమ్మత్తు లేకుండా, ఆ మార్పులతోనే 37 లక్షల 40 వేల డాలర్లకి పోయింది. ఆ జులైలోనే షెల్బీ జీటీ350 రేసు కార్ల తొలి నమూనా 38 లక్షల 50 వేలకి అమ్ముడైంది. కెన్ మైల్స్ నడిపిన కారు అది. రెండూ మార్పుచేసిన కార్లే. ఇప్పుడు వాటిని ఎవరైనా 'ఒరిజినల్' మస్టాంగ్‌గా మార్చేస్తానంటే కోర్టుకి వెళ్తారు. ఒకప్పటి మార్పు యాభై ఏళ్ళు బతికితే దానికే ఒరిజినల్ అని పేరు.

అందుకని నేను నాకో లెక్క పెట్టుకున్నాను. ప్రాణం తీసేదాన్ని మార్చాలి. కథ చెప్పేదాన్ని ఉంచాలి. వెనక్కి తిప్పలేని కోత కోయకూడదు. 1967 మోడల్ నుంచి ఫోర్డ్ వాడిన తరహాలో రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టాను. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, కొత్త షాక్ అబ్జార్బర్లు, భుజం బెల్టులు. డిక్కీకీ సీటుకీ మధ్య ఉక్కు రేకు. ఆర్నింగ్ చెప్పిన నాలుగు చిల్లులు నా చేత్తో వేశాను. పాత చిల్లులు అలాగే ఉన్నాయి, రేపు ఎవరికైనా కావాలంటే ఆర్మ్‌ని మళ్ళీ పైకి బిగించుకోవచ్చు. టవర్లు ముట్టుకోలేదు. 120 హార్స్ పవర్ ఆరు సిలిండర్ల ఇంజనే ఉంది, కాబట్టి ట్రక్కులు కూడా నన్ను దాటిపోతాయి. విప్పిన పాత భాగాలన్నీ పేర్లు రాసి అట్టపెట్టెల్లో అటక మీద పెట్టాను. చనిపోయిన ఏసీ ఎక్కడిదక్కడే ఉంది.

పనులు ముగియడానికి పద్నాలుగు నెలలు పట్టింది. సగం తప్పులు, సగం వాటిని దిద్దుకోవడం. ఖాళీ పార్కింగ్ స్థలంలో మా ఆవిడ తనే నడిపి, మూడుసార్లు సడన్ బ్రేకు తొక్కి చూసి, పాపని ఎక్కించింది. పెద్దావిడని ముందు సీట్లో కూర్చోబెట్టాం. గ్రేట్ మాల్ దాకా వెళ్ళాం, పాప పాదాలు పెరిగాయి, బూట్లు కావాలి. కాలవరాస్ మలుపులో కారు ఒరగలేదు. ఎండ ముఖాన పడగానే పెద్దావిడ చెయ్యి దానంతటదే వెళ్ళి ఏసీ రెక్కల్ని తనవైపు తిప్పుకుంది. గాలి రాలేదు. ఆవిడ చెయ్యి కూడా తీయలేదు.

ఆ రాత్రి నోటుబుక్కులో ఆయన ఆఖరి పద్దు కింద తేదీ, మైలేజీ వేసి, చేసిన పనులన్నీ వరసగా రాశాను. చిల్లులు ఎన్ని, ఎక్కడ, ఎంత దూరంలో అనేది కూడా రాశాను. నా తర్వాత ఈ కారు ఎవరి చేతికెళ్తుందో, వాళ్ళకి తెలియాలి కదా.